వాసనకీ ఒక వేళ ఉంటుంది

(విజయవాడలో ఇంటి తోటలు పెంచుకునేవాళ్లు కలుసుకున్న ఒక ఆషాఢ ఆదివారం చేసిన ప్రసంగం. మధ్యలో సభికులు అడిగిన ప్రశ్నలు కూడా ఇందులో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వానలో తడుసుకుంటూ వచ్చారు, సంతోషం. మొక్క నాటుకోవడానికి ఇదే అదను. ఇంకో నెలన్నర ఇలాగే చినుకులు పడుతుంటే గుచ్చిన కొమ్మల్లో చాలావరకు బతుకుతాయి. అందుకని ఇవాళ మాట్లాడుకునేది రేపు పొద్దున్నే పనికొచ్చేలా ఉండాలని నా ఆశ.

నన్ను పిలిచినవాళ్లు ఫోనులో, "మేడమ్, మంచి వాసన వచ్చే మొక్కలు ఓ పది చెప్పండి, రాసుకుంటాం" అన్నారు. ముప్ఫై ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని, పేర్లు చెప్పడం కష్టం కాదు. కానీ అలా పేర్లు రాసుకుని నర్సరీకి వెళ్లినవాళ్లు రెండేళ్ల తర్వాత నిరాశపడటం చాలాసార్లు చూశాను. మొక్క బతికే ఉంటుంది, పూలు కూడా పూస్తుంది, ఇంట్లోవాళ్లకు మాత్రం ఆ వాసన అందదు. ఆ పువ్వు పరిమళించే వేళకు వీళ్లు ఇంట్లో ఉండరు, లేదా నిద్రలో ఉంటారు. లేదంటే మొక్కను గాలి తీసుకుపోయే మూల పెట్టి ఉంటారు, వాసనంతా పక్కింటికి పోతుంది.

అందుకని నేను ముందు ఒకటి అడుగుతాను. మీ ఇంట్లోవాళ్లు ఆరుబయటికి వచ్చి కాసేపు ఉండేది ఏ వేళప్పుడు? పొద్దున్నే అయిదింటికి లేచి ముగ్గు వేసే ఇల్లా? సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు నుంచి వచ్చి బాల్కనీలో కాఫీ తాగే ఇల్లా? రాత్రి భోజనాలయ్యాక డాబా మీద పక్కలేసుకునే ఇల్లా? దీనికి జవాబు తెలిస్తే మొక్కల ఎంపిక సగం అయిపోయినట్టే. పువ్వుకి రంగు పగలంతా ఉంటుంది. వాసన అలా ఉండదు. దానికి ఒక వేళ, ఒక కాలం, ఒక దూరం ఉంటాయి.

వేళ ఎందుకుంటుందో చెబుతాను. పువ్వు పరిమళించేది పుప్పొడి మోసే పురుగు కోసం. పగలు తిరిగే పురుగుకి, పిట్టకి రంగు కనిపిస్తుంది కాబట్టి మందారం, కనకాంబరం, కాగితంపూలు రంగుతోనే పని జరుపుకుంటాయి. రాత్రిళ్లు దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులు చూశారు కదా, వాటిని పిలవాలంటే పువ్వు చీకట్లో తెల్లగా మెరవాలి, దూరం నుంచే వాసన తెలియాలి. మల్లె, జాజి, పారిజాతం, నేలసంపంగి, నైట్‌క్వీన్ అన్నీ తెలుపే, అన్నీ పొద్దు వాలాకే గుబాళిస్తాయి. దేవగన్నేరుది మరీ విచిత్రం. దాని పువ్వులో తేనె ఉండదు. వాసన పట్టుకుని తేనె కోసం వచ్చిన పురుగు దొరక్క ఇంకో పువ్వుకి, అక్కడా దొరక్క మరో పువ్వుకి పోతుంది. ఆ వెతుకులాటలోనే పుప్పొడి చేరాల్సిన చోటికి చేరిపోతుంది.

ఇక మల్లె. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన వేసవి సాయంత్రానికి దీనికి సాటి వచ్చేది నాకు తెలిసి లేదు.

మల్లెకి ఒక గొప్ప గుణం ఉంది. కోసిన తర్వాత కూడా అది పరిమళాన్ని తయారు చేస్తూనే ఉంటుంది. తెల్లవారుజామున మొగ్గలు కోసి, తడిగుడ్డలో చుట్టి, మధ్యాహ్నం మాల కట్టుకుని, సాయంత్రం జడలో పెట్టుకుంటే ఏడింటికి జడలోనే విచ్చుకుంటాయి. కొమ్మ మీద ఉన్నట్టే విచ్చుకుంటాయి. చైనావాళ్లు టీలో వాడేది మన మల్లె జాతే. విచ్చుకోబోయే మొగ్గల్ని టీ ఆకుతో కలిపి రాత్రంతా ఉంచుతారు, మొగ్గ విచ్చుకుంటూ వదిలిన పరిమళాన్ని ఆకు పీల్చుకుంటుంది. మన ఉత్తరాదిన నువ్వుల్ని, మల్లెల్ని పొరలు పొరలుగా పరచి, వాసన పట్టిన ఆ నువ్వుల నుంచి నూనె తీసే పద్ధతి ఉంది. ఫ్రాన్సులో గ్రాస్ అనే ఊళ్లో జాజిపూలని, నేలసంపంగిని కొవ్వు పూసిన గాజు పలకల మీద పరిచేవారు. కోసినా ఇంకా ఇస్తూనే ఉండే పువ్వు కాబట్టే ఇన్ని దేశాల్లో ఇన్ని పద్ధతులు పుట్టాయి.

మనకి దీనివల్ల ఏం ఉపయోగం? రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరేవాళ్లు కూడా మల్లె పెంచుకోవచ్చు. పొద్దున్నే పనికి వెళ్లేముందు పదిహేను మొగ్గలు కోసి, వెడల్పాటి గిన్నెలో కాసిని నీళ్లు పోసి పడగ్గదిలో పెట్టి వెళ్లండి. మీరు వచ్చేసరికి గది నిండిపోయి ఉంటుంది. పారిజాతంతోనో రాధామనోహరంతోనో ఈ పని జరగదు.

మల్లె కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. మేం ఇల్లు కట్టుకున్న కొత్తలో నేనొక నర్సరీలో మల్లె అడిగితే, "ఇది తీసుకోండమ్మా, చలికాలంలో కూడా పూస్తుంది" అని ఒక మొక్క ఇచ్చారు. చెప్పినట్టే పూసింది, విరగబూసింది. ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ లేదు. అది కాగడా మల్లె. దండలకి చాలా మంచిది, తెల్లగా, గట్టిగా ఉంటుంది. వాసన మాత్రం దాదాపు ఉండదు. వృక్షశాస్త్రం చదివిన నేనే ఆకు చూసి ఆ రోజు పోల్చుకోలేకపోయాను, చీకటి పడే హడావిడిలో తెచ్చేసుకున్నాను. అందుకని గట్టిగా చెబుతున్నాను, పేరు నమ్మి కొనకండి. జాజి, సన్నజాజి, విరజాజి, చమేలి, పందిరిమల్లె, ఈ పేర్లు ఊరికో రకంగా వాడతారు. గోదావరి వైపు ఒకటి అన్నదాన్ని హైదరాబాదులో ఇంకోటి అంటారు. పువ్వుతో ఉన్న మొక్కనే కొనండి. అదీ మిట్టమధ్యాహ్నం వద్దు. నర్సరీ మూసే వేళకి, పొద్దు వాలాక వెళ్లండి. రాత్రి పూసే పువ్వుని పగలు వాసన చూసి కొంటే ఏం తెలుస్తుంది? కడియం వెళ్లేవాళ్లందరూ పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి కారు నింపుకుని వచ్చేస్తారు. ఈసారి రాజమండ్రిలో పనులు ముందు చూసుకుని, కడియపులంకలో సాయంత్రం ఆగండి.

వాసన వచ్చే మల్లె అంటే మన బొండుమల్లె. దానికి ఎండ కావాలి. రోజుకి ఆరు గంటల ఎండ తగలని చోట మల్లె పెడితే ఆకు చూసి సంతోషించాల్సిందే. మా వీధిలో ఒకావిడ మూడేళ్ల నుంచి, "మా మల్లె పచ్చగా, ఏపుగా ఉందండీ, పువ్వు మాత్రం రాదు" అని బాధపడేవారు. వెళ్లి చూస్తే ఏముంది, రోజూ నీళ్లు, పదిహేను రోజులకోసారి యూరియా, కత్తిరింపు మాట లేదు. ఆ మొక్కకి పూయాల్సిన అవసరమే రాలేదు. మల్లె కొత్త చిగురు మీద పూస్తుంది. కొత్త చిగురు రావాలంటే పాతది పోవాలి.

మన మైలవరం వైపు మల్లె రైతుల్ని చూడండి, తోటకి నీళ్లు పెట్టడమే కాదు, ఎప్పుడు ఆపాలో కూడా వాళ్లకి తెలుసు. నవంబరులో నీళ్లు తగ్గించి, మొక్కని ఎండనిచ్చి, ఆకు రాలాక కత్తిరిస్తారు. మనం కుండీలో కూడా అదే చేయాలి. డిసెంబరు చివరకో, సంక్రాంతి లోపలో, నేల నుంచి మూరెడు ఎత్తు ఉంచి మిగతాది కత్తిరించేయండి. చూడ్డానికి మోడులా ఉంటుంది, భయపడకండి. పాదు తవ్వి, రెండు గుప్పెళ్ల వేపపిండి, రెండు దోసిళ్ల మాగిన పశువుల ఎరువు వేసి, అప్పుడు నీళ్లు మొదలుపెట్టండి. ఫిబ్రవరి చివరికి మొగ్గ తొడుగుతుంది, ఉగాదికి జడలోకి వస్తుంది. ఒక విడత పూసి ఆగాక కొమ్మల చివర్లు కాస్త తుంచితే మళ్లీ పూస్తుంది, ఇలా జూన్ దాకా లాగొచ్చు. మొగ్గలు ఊదారంగుకి తిరిగి విచ్చుకోకుండా రాలిపోతుంటే అది మొగ్గ తొలిచే పురుగు పని. పాడైన మొగ్గల్ని ఏరి పారేయాలి, కుండీలో వదిలేస్తే పురుగు మట్టిలోకి దిగి మళ్లీ వస్తుంది. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి వారానికోసారి కొట్టండి.

కుండీ పన్నెండు అంగుళాలకి తగ్గకూడదు. పద్నాలుగైతే ఇంకా మంచిది.

(సభలో ఒకరు: మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుందండీ, అక్కడ మల్లె బతుకుతుందా?)

బతుకుతుంది, కుండీలోనే. అక్కడ చలికాలం మంచు పడేలోపు ఇంట్లోకి తెచ్చి, బాగా వెలుతురు వచ్చే కిటికీ దగ్గర పెట్టమనండి. ఆ నెలల్లో నీళ్లు బాగా తగ్గించాలి. మన దగ్గర కావాలని ఇచ్చే విశ్రాంతి అక్కడ చలి ఇస్తుంది. వసంతం వచ్చాక కత్తిరించి బయట పెడితే వేసవికి పూస్తుంది.

ఇప్పుడు వాసన దూరం గురించి. పరిమళం గాలిలో కలిసి వస్తుంది కాబట్టి గాలిని చూడకుండా మొక్క పెట్టకూడదు. మీరు కూర్చునే చోట, కూర్చునే వేళకి, ఒక అగరుబత్తి వెలిగించండి. పొగ ఎటు పోతుందో చూడండి. పొగ పోయే వైపు మొక్క పెడితే వాసన పొగ వెంటే పోతుంది. పొగ వచ్చే వైపు, మీకు ఎదురుగా పెట్టాలి. మరీ ఈదరగాలి కొట్టే చోట ఏ పువ్వూ నిలవదు, పరిమళం చెదిరిపోతుంది. రెండు గోడలు కలిసే మూల మంచిది. పగలంతా ఎండకి కాగిన గోడ సాయంత్రం వేడి వదులుతూ ఉంటుంది, ఆ వెచ్చదనానికి వాసన ఇంకా పైకి లేస్తుంది. డాబా మీదైతే మొక్కని నేల మీద పెట్టకుండా పిట్టగోడ ఎత్తుకి, కూర్చున్న మనిషి ముఖం ఎత్తుకి తెచ్చుకోండి.

ఇంకో సంగతి. ముక్కుకి అలవాటు పడే గుణం ఉంది. ఎంత ఘాటైన వాసనైనా కాసేపు అందులోనే ఉంటే తెలియడం మానేస్తుంది. అందుకని కుర్చీ చుట్టూ అన్నీ పేర్చుకోవడం కంటే, గేటు తీసి లోపలికి వచ్చే దారిలో ఒకటి, మెట్ల మలుపులో ఒకటి పెట్టుకుంటే వచ్చిన ప్రతిసారీ కొత్తగా తగులుతుంది. మల్లె, నైట్‌క్వీన్, నేలసంపంగి మూడూ ఒకే చోట పెట్టిన ఇంటికి ఒకసారి వెళ్లాను. ఏ ఒక్కదాని వాసనా విడిగా తెలియలేదు, పావుగంటకి తలపోటు వచ్చింది.

సంపంగి విషయానికి వస్తాను. సంపంగి అనే పేరుతో మన దగ్గర మూడు వేరు వేరు మొక్కలున్నాయి, ఒకదానికొకటి చుట్టరికం అంతగా లేనివి. ఒకటి సంపంగి చెట్టు, పసుపు, నారింజ కలిసిన రంగులో, పొడుగాటి రేకులు. రెండోది ఆకుసంపంగి, దాన్నే మనోరంజితం అంటారు. మూడోది నేలసంపంగి, మార్కెట్లో లిల్లీపూలు అని అమ్మేవి. నర్సరీలో ఒట్టి "సంపంగి" అని అడిగితే ఈ మూడింట్లో ఏదైనా చేతికి రావచ్చు.

చెట్టు సంపంగి అడవిలో తాడిచెట్టంత ఎత్తు పోతుంది. గింజ మొక్క పెడితే పువ్వు చూడటానికి ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు. అంటు మొక్క అయితే రెండు మూడేళ్లలో పూస్తుంది, కత్తిరిస్తూ ఉంటే పెద్ద డ్రమ్ములో కూడా ఉంటుంది. కాబట్టి అంటు కట్టిన చోటు కాండం మీద చూపించమని అడిగి కొనండి. ఆ అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లు ఎప్పటికప్పుడు తీసేయాలి.

నాకు ఎక్కువ ఇష్టమైనది మనోరంజితం. మా అమ్మమ్మగారి ఊళ్లో, బావి పక్కన గోడ మీదికి పాకి ఉండేది. పువ్వు ఆకుపచ్చగా ఉంటుంది, ఆకుల్లో ఆకులా కలిసిపోతుంది. పచ్చగా ఉన్నన్నాళ్లూ వాసన రాదు. పండి, పసుపు తిరిగే రోజు వస్తుంది చూడండి, బావి దగ్గర నీళ్లు తోడేవాళ్లందరికీ మాగిన పండు వాసన. మేం పిల్లలందరం ఆ వాసన పట్టుకుని పొదంతా వెతికేవాళ్లం. చేతికి దొరకదు, కళ్ల ముందే ఉంటుంది. దొరికినవాళ్లు దాన్ని పుస్తకాల్లో పెట్టుకునేవాళ్లం, రెండు రోజులు తెలుగు వాచకం పళ్ల బుట్టలా ఉండేది. ఈ తీగకి పువ్వు కాడే కొక్కెంలా వంగి కొమ్మని పట్టుకుంటుంది. గోడో, గట్టి పందిరో కావాలి, ముళ్లు కూడా ఉంటాయి. స్థలం ఉన్నవాళ్లు తప్పకుండా పెట్టండి, ఇది పట్టణాల్లో తగ్గిపోతోందని నాకు నిజంగా బెంగగా ఉంది.

నేలసంపంగి అందరికీ వీలైనది. దుంపలు నాటితే మూడు నాలుగు నెలల్లో వెన్ను వేస్తుంది. ఇందులో ఒంటిరేకుది, ముద్దది అని రెండు రకాలు. చూడ్డానికి ముద్దది అందంగా ఉంటుంది, వాసన కావాలంటే ఒంటిరేకుదే తీసుకోండి. అత్తరుకి వాడేది కూడా అదే. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన వాటిలో శృంగార్, ప్రజ్వల్ ఒంటిరేకువి, సువాసిని, వైభవ్ ముద్దవి. దుంపలు అమ్మేవాళ్లని ఈ పేర్లతో అడగొచ్చు.

పొద్దున్నే లేచేవాళ్లు చేతులెత్తండి. ఇంతమందా! అయితే మీకు పారిజాతం. రాత్రి పూస్తుంది, తెల్లవారేసరికి నేల మీద ఉంటుంది. శ్రావణం నుంచి కార్తికం దాకా, సరిగ్గా నోముల రోజుల్లో. నేల రాలిన పువ్వు దేవుడికి పెట్టకూడదంటారు కదా, దీనికి మాత్రం ఆ పట్టింపు లేదు. సాయంత్రమే చెట్టు కింద పాత చీర పరిచి ఉంచుకుంటే మట్టి అంటకుండా దొరుకుతాయి. వాసన సున్నితంగా ఉంటుంది, ఎండెక్కితే పోతుంది. ఎనిమిదింటికి లేచే ఇంట్లో పారిజాతం పెట్టి ఏం లాభం? ఇది కొన్నవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. వేసవి ముందు ఆకంతా రాల్చి ఎండిపోయినట్టు ఉంటుంది, చచ్చిపోయిందని పీకేస్తారు. గోటితో బెరడు గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. తొలకరికి చిగురిస్తుంది. మొక్క మొదలు దగ్గర నీళ్లు నిలవకూడదు, అంతే.

(సభలో ఒకరు: నైట్‌క్వీన్ గురించి చెప్పండి, మా ఆవిడ తెమ్మంటోంది.)

తెండి, కానీ పడగ్గది కిటికీకి దూరంగా. మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా మామగారి గది కిటికీ పక్కనే నేనే పెట్టాను, రాత్రి చక్కటి వాసన వస్తుందని. ఆయనకి ఉబ్బసం. వానాకాలంలో ఒక రాత్రి మొక్కంతా పూసింది. పదింటికి ఆయాసం మొదలై, కిటికీలు మూసి, మందు పీల్చి, తెల్లవార్లూ కూర్చునే ఉన్నారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "ఆ చెట్టు అక్కడి నుంచి తీయించమ్మా" అన్నారు, అంతే. ఆ రాత్రి ఆయన పడ్డ బాధ నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే ఎవరికి ఏ మొక్క చెప్పాల్సి వచ్చినా, ఇంట్లో ఆయాసం, తలనొప్పి ఉన్నవాళ్లున్నారా అని ముందు అడుగుతాను. పక్కింటివాళ్ల సంగతి కూడా ఆలోచించండి, వాళ్ల కిటికీ కూడా కిటికీయే. నైట్‌క్వీన్ కాయలు, ఆకులు విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో తెల్లటి ఆ కాయలు కనిపించగానే తుంచేయాలి. గన్నేరుకీ ఇదే జాగ్రత్త.

ఊరంతా ఒకే ఘాటు వాసన నింపితే ఏమవుతుందో విశాఖ చూసింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి చెట్లు పోయాక, త్వరగా పెరుగుతాయని ఏడాకుల పాల చెట్లు రోడ్ల పక్కన విరివిగా పెట్టారు. చలికాలం మొదట్లో అవి పూసినప్పుడు ఆ వాసనకి ఊపిరాడటం లేదని జనం మొత్తుకున్నారు. ఒక చెట్టు దూరంగా ఉంటే ఆ వాసన బాగానే ఉంటుంది. వీధి పొడుగునా ఉంటే తట్టుకోవడం కష్టం.

గులాబీ గురించి రెండు ముక్కలు. పూలకొట్లో పొడుగు కాడతో వచ్చే గులాబీలకి వాసన ఎందుకుండదని అడుగుతారు. వాటిని ఆకారం కోసం, వారం రోజులు వాడిపోకుండా ఉండటం కోసం తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చారు, ఆ ఎంపికలో వాసన వెనకబడిపోయింది. గులాబీలో ఒక ఎంజైము బాగా పనిచేస్తేనే ఆ కమ్మటి వాసన పుడుతుందని 2015లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు తేల్చారు, వాసన లేని రకాల్లో అది చాలా తక్కువగా ఉంటుంది. మీరు నాటు గులాబీ, పన్నీరు గులాబీ అడగండి. పువ్వు చిన్నది, రేకులు రెండో రోజుకే రాలతాయి, ముళ్లు ఎక్కువ. అయినా అదే గులాబీ. దీని వేళ పొద్దున, ఎండ ముదరకముందు.

గంధరాజం అంటే చాలామందికి మోజు. ఒక చిక్కు ఉంది. దీనికి కాస్త పుల్లటి నేల కావాలి. మన నల్లరేగడి, బోరునీళ్లు రెండూ దానికి పడవు. ఆకు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదని అర్థం. లీటరు నీళ్లకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి ఆకుల మీద చల్లండి. వాననీళ్లు పట్టి ఉంచుకుని పోస్తే ఇంకా మంచిది. ఇంత సేవ చేసే ఓపిక లేకపోతే గంధరాజం జోలికి వెళ్లకండి, ఆ కుండీ మల్లెకి ఇవ్వండి.

ఇప్పటిదాకా పూలే. ఆకు వాసనకి వేళ లేదు, చెయ్యి తగిలితే చాలు. ఆకులో సన్నని నూనె తిత్తులుంటాయి, రాసుకుంటే పగిలి వాసన వస్తుంది. కాబట్టి వీటిని మూలల్లో దాచకూడదు, నడిచే దారిలో, చీర కుచ్చిళ్లు తగిలేంత దగ్గరగా పెట్టాలి. మరువం, రుద్రజడ, నిమ్మగడ్డి, కర్పూర తులసి. మాలలో మల్లె మధ్యన ఒక మరువం రెబ్బ పడితే ఆ మాల తీరే వేరు. దవనం మాత్రం మన వేసవికి నిలవదు, చలికాలంలో పెట్టుకుని ఆ మూడు నాలుగు నెలలు చూసుకోవాలి. వట్టివేరుకి లోతైన డ్రమ్ము కావాలి, ఏడాదిన్నర ఆగాలి. ఒకసారి డ్రమ్ము బోర్లించి వేళ్లు కడిగి ఆరబెట్టుకుంటే, ఆ వేసవంతా కుండలో నీళ్లకి సరిపోతుంది. తొమ్మిది గంటలకి వెళ్లి తొమ్మిది గంటలకి వచ్చే ఉద్యోగస్తులకి నేను పూలకంటే ముందు ఆకులే చెబుతాను.

(సభలో ఒకరు: జాజి పందిరి వేస్తే పాములొస్తాయని మా అత్తగారు వద్దంటున్నారండీ.)

మీ అత్తగారి భయం ఊరికే పుట్టింది కాదమ్మా, కారణం మాత్రం వేరు. పాము పూల వాసనకి రాదు. తీగ గుబురుగా అల్లుకుని, కింద ఆకులు కుళ్లి, చల్లగా, చీకటిగా ఉంటే కప్పలు, ఎలుకలు చేరతాయి. పాము వాటికోసం వస్తుంది. మొగలిపొదల సంగతీ అంతే. పందిరి కింద మూడడుగుల ఎత్తు వరకు కొమ్మలు తీసేసి, నేల ఊడ్చి ఉంచండి. గుబురు మధ్యలోంచి వెలుతురు కనబడాలి. ఆవిడకి ఇలా చెప్పి, ఊడ్చే పని మీరు తీసుకుంటానని చెప్పండి, ఒప్పుకుంటారు.

(సభలో ఒకరు: మాది అద్దె ఇల్లు మేడమ్. పడమటి బాల్కనీ, నాలుగడుగులు. సాయంత్రం ఏడింటికి వస్తాను. నేనేం పెట్టుకోవాలి?)

పడమటి బాల్కనీ అంటే మధ్యాహ్నం నుంచి గట్టి ఎండ. మల్లెకి బాగుంటుంది. పద్నాలుగు అంగుళాల కుండీలో ఒక బొండుమల్లె, అదే మొదటిది. మార్చి నుంచి జూన్ దాకా మీరు తలుపు తీసేసరికి అది విచ్చుకుంటూ ఉంటుంది. తర్వాత వానాకాలానికి నేలసంపంగి దుంపలు నాలుగు, ఒకే కుండీలో. కమ్మీకి రాధామనోహరం పాకిద్దామనిపిస్తుంది, సాయంత్రం తెల్లగా పూసి మర్నాటికి గులాబీ, ఆ తర్వాత ఎరుపు తిరుగుతుంది, అందంగా ఉంటుంది. కానీ అది రెండేళ్లలో పై అంతస్తు దాకా పోతుంది, ఇల్లు మారేటప్పుడు వెంట తీసుకెళ్లలేరు. వద్దు. తలుపు పక్కన మరువం కుండీ పెట్టుకోండి, తాళం తీస్తూ ఒకసారి చెయ్యి రాయండి. చాలు, మూడు కుండీలు. ఈ ఏడాది ఇంకేమీ కొనకండి. ఏ వేళకి ఏది మీకు అందుతోందో ఒక ఏడు చూసుకున్నాక నాలుగోది ఏమిటో మీకే తెలుస్తుంది.

ఆ బల్ల మీద తడి గోనెలో చుట్టి ఉన్నవి మా ఇంటి బొండుమల్లె నేల అంట్లు, అంటే కొమ్మని మట్టిలోకి వంచి వేళ్లు పట్టించినవి, ముప్ఫై ఉన్నాయి. ఎండ వచ్చే చోటు ఉన్నవాళ్లే తీసుకోండి, దయచేసి. పక్కన కాగితం పొట్లాల్లో ఉన్నవి పారిజాతం గింజలు, అవి పొద్దున్నే లేచేవాళ్లకి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, వేలి కణుపు లోతున పెట్టండి.